మందే వ్యసనమైనప్పుడు

తెలుగులో 'మందు' అన్న రెండక్షరాల మాటకు అర్థాలు అనేకం. వైద్యుడు రోగికి ఇచ్చేది మందు. చేనికి పురుగు పట్టినప్పుడు రైతు చల్లేదీ మందే. తుపాకిలో కూరేదీ మందే. దీపావళినాడు మతాబాలలో దట్టించేదీ మందే. సారాయిని కూడ లోకం మందనే పిలుస్తున్నది. గసగసాల కాయనుంచి కారిన పాలను ఎండబెట్టి చేసిన అభినికి మన పెద్దలు పెట్టిన పేరు నల్లమందు. రోగాన్ని పోగొట్టేదానికీ, మనిషిని పోగొట్టేదానికీ ఒకే పేరు చెల్లుతున్నది. మోతాదు తప్పితే మొదటిది రెండవది కాగలదన్న అనుభవం ఈ మాటలోనే ఇమిడి ఉన్నది.

కొద్ది మాసాల క్రిందట కృష్ణాజిల్లా ఘంటసాల మండలంలోని శ్రీకాకుళం ప్రాంతంనుంచి ఒక సోదరి మా కేంద్రానికి ఉత్తరం వ్రాశారు. ఉత్తరాంధ్రలో జిల్లా కేంద్రమైన శ్రీకాకుళం వేరు. ఇది కృష్ణ ఒడ్డున ఆంధ్రమహావిష్ణువు కొలువున్న గ్రామం. కృష్ణదేవరాయలకు ఆముక్తమాల్యద రచనకు స్వప్నంలో ప్రేరణ కలిగిన చోటని సాహిత్య ప్రియులెల్లరూ ఎరిగినదే. ఆ ఉత్తరంలో సాహిత్య ప్రసక్తి లేదు. తన భర్తను గురించి మూడు ప్రశ్నలు మాత్రమే ఉన్నవి. ఆమె ఎవరో పోల్చుకొనేందుకు వీలైన గుర్తులు వదలివేసి, విషయాన్ని మాత్రమే ఇక్కడ పేర్కొంటున్నాను. ఇటువంటి సందేహమే చెప్పుకోలేక బాధపడుతున్న ఇండ్లు మరికొన్ని ఉండవచ్చునని ఈ ప్రసంగానికి పూనుకొన్నాను.

ఆమె భర్తకు నలభైయైదేళ్ళు. మాసూళ్ళ రోజులలో ధాన్యం బస్తాలు లారీలకెత్తే పని. మూడేళ్ళ క్రిందట బస్తాతో చెక్కమీదనుంచి జారిపడగా నడుము పట్టుకొన్నది. ఊరిలోని ఆర్.ఎం.పి. రెండు రోజులు సూది వేశాడు. తగ్గకపోగా పట్టణానికి వెళ్ళి వైద్యుని చూచారు. ఆయన పరీక్షచేసి, ఇతర మందులతోపాటు ట్రమడాల్ అనే నొప్పి మాత్రను పది రోజులకు వ్రాసి ఇచ్చాడు. నొప్పి తగ్గింది. తగ్గిన నడుముతో మనిషి తిరిగి బస్తాల క్రిందికి పోయినాడు. పోకపోతే కూలి లేదు. నొప్పి మళ్ళీ వచ్చింది. పది రోజులకు వ్రాసిన చీటీ చూపించి సంవత్సరం పొడుగునా మాత్రలు కొన్నాడు. కొన్నాళ్ళకు దుకాణంలో చీటీ అడగడం కూడ మానివేశారు. రోజుకు రెండు మాత్రలతో మొదలైనది పదికీ, ఆపైన పన్నెండుకూ పెరిగింది.

సంక్రాంతి పండుగకు కూతురూ అల్లుడూ వచ్చినప్పుడు సిగ్గుపడి, మాత్రలు మానివేస్తానని భార్యకు మాట ఇచ్చాడు. మరునాటికే ఆవులింతలు, ముక్కువెంట కళ్ళవెంట నీరు, ఒళ్ళంతా గగుర్పాటు. రెండవ రాత్రి కాళ్ళు పీకులాటతో నిద్రలేదు. మూడవ నాటికి వాంతులు, విరేచనాలు. ఆ సాయంత్రమే సైకిలెక్కి పొరుగూరి దుకాణానికి పోయినాడు. ఆ తరువాత ఒక రాత్రి మోతాదు మించినందువల్ల మూర్ఛ వచ్చి మంచంమీదనుంచి పడినాడు. అప్పుడు ఆమె కలం పట్టింది. ఆమె ప్రశ్నలు ఇవి: నా భర్త తాగడు, పేకాడడు, వైద్యుడు వ్రాసిన మాత్రలే వేసికొన్నాడు, ఇతనిని వ్యసనపరుడంటారా? ఇంట్లోనే గది తలుపు వేసి నాలుగు రోజులు ఓర్చుకొంటే ఇది పోతుందా? ఆసుపత్రికి తీసికొనిపోతే పోలీసులకు అప్పగిస్తారా?

ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పే ముందు ఆ మాత్ర పుట్టుపూర్వోత్తరాలు కొంచెం తెలిసికోవలె.

గసగసాల మొక్క పచ్చికాయకు గాట్లు పెడితే పాలు కారుతవి. అవి గడ్డకట్టి నల్లబడితే నల్లమందు. నొప్పిని అణచడంలో దీనికి సాటివచ్చే పదార్థం మానవునికి వేల ఏండ్లుగా మరొకటి దొరకలేదు. 19వ శతాబ్దం తొలి సంవత్సరాలలో జెర్టూర్నర్ అనే జర్మన్ మందుల తయారీదారు నల్లమందులోని సారాన్ని వేరుచేసి, గ్రీకుల స్వప్నదేవత మార్ఫియస్ పేరుమీద మార్ఫియా అని పేరు పెట్టాడు. ఆధునిక వైద్యానికి అది వరప్రసాదమైంది. దానివెంట అలవాటు కూడ వచ్చింది. అలవాటు కలిగించని మార్ఫియాకోసం రసాయనశాస్త్రజ్ఞుల అన్వేషణ మొదలైంది. 1898లో జర్మనీలో బేయర్ కంపెనీ మార్ఫియాను కొద్దిగా మార్చి, దగ్గుకు మందుగా హెరాయిన్ అన్న పేరుతో అమ్మకానికి పెట్టింది. అది మార్ఫియాకంటె సాధువైనదని ఆనాడు నమ్మినవారున్నారు. అది ఎంత పొరపాటో లోకానికి తెలిసినదే. 1996లో అమెరికాలో ఆక్సికాంటిన్ అనే మాత్ర వచ్చింది. మెల్లగా కరిగే మాత్ర కనుక అలవాటు భయం తక్కువ అని వైద్యులకు నచ్చజెప్పారు. అలా చెప్పడం మోసమని 2007లో ఆ కంపెనీయే న్యాయస్థానంలో నేరం ఒప్పుకోవలసి వచ్చింది. ఆ దేశంలో మాదకద్రవ్యాల మోతాదు మించి మరణించినవారి సంఖ్య 2021లో ఒక్క సంవత్సరానికే లక్ష దాటింది. అందులో ఎక్కువ పాలు ఈ జాతి మందులదే.

ట్రమడాల్ కూడ ఈ కుటుంబంలోనిదే. జర్మనీలో తయారై 1977లో అమ్మకానికి వచ్చింది. మార్ఫియాకంటె బలహీనమైనది కనుక భయం లేదన్న పేరుతో అది దేశదేశాలకూ వ్యాపించింది. ప్రతి క్రొత్త మందూ పాతదానికంటె నిరపాయకరమన్న నమ్మకంతోనే వచ్చిందనీ, ఆ నమ్మకమే ప్రతిసారీ దెబ్బతిన్నదనీ ఈ రెండువందల ఏండ్ల చరిత్ర చెబుతున్నది.

మన ప్రాంతానికీ ఈ చరిత్ర క్రొత్త కాదు. ఆంగ్లేయుల కాలంలో ప్రభుత్వపు లైసెన్సుతోనే నల్లమందు దుకాణాలు నడిచేవి. గోదావరి మన్యం వైపు చలిజ్వరానికి అది విరుగుడని నమ్మి తినేవారు. ఏడ్చే చంటిబిడ్డకు రవ్వంత నాకించి పొలానికి పోయిన తల్లులూ ఉండేవారు. స్వాతంత్ర్యానంతరం, వైద్యానికి తప్ప ఇతరంగా నల్లమందు వాడకాన్ని పదేళ్ళలో అంతం చేయవలెనని 1949లో నిర్ణయం జరిగింది. 1959 నాటికి ఆ గడువు ముగిసింది, దుకాణాలు మూతపడినవి. నల్లమందు బిళ్ళ పోయిన చోటికే కొన్ని దశాబ్దాల తరువాత వెండి రేకులో చుట్టిన తెల్లని మాత్ర వచ్చి చేరింది. పెద్దలు నల్లమందును చూచి జాగ్రత్తపడేవారు. మాత్రను చూచి ఎవరూ జాగ్రత్తపడడం లేదు. అది వైద్యుని చేతినుంచి వచ్చింది గదా!

ఇక ఈ మందు శరీరంలో చేసే పని చూతము. మెదడులోను, వెన్నుపాములోను, ప్రేగులలోను కొన్ని గ్రాహకాలు ఉన్నవి. దెబ్బ తగిలినప్పుడు నొప్పిని కొంత అణచుకొనేందుకు శరీరం తనంతట తాను కొన్ని పదార్థాలను తయారుచేసికొంటుంది. అవి ఈ గ్రాహకాలకు అంటుకొని పనిచేస్తవి. ఇటువంటి పదార్థాన్ని 1975లో స్కాట్లండులోని అబర్డీన్‌లో మొదటిసారిగా గుర్తించారు. నల్లమందు జాతి మందులు ఆ గ్రాహకాలలోనే చొరబడి, శరీరం సొంతంగా చేసుకొనే దానికంటె ఎన్నోరెట్లు ఎక్కువ బలంగా పనిచేస్తవి. నొప్పి కబురు మెదడుకు చేరదు. చేరినా బాధించదు. దానితోపాటు ఒక విధమైన హాయి కలుగుతుంది. శ్వాస నెమ్మదిస్తుంది, ప్రేగు మందగిస్తుంది. మెదడులో మనిషిని మేల్కొలిపి ఉంచే కేంద్రాలు కూడ అణగిపోతవి.

శరీరం ఈ అణచివేతకు ఎదురుతిరుగుతుంది. కృష్ణా డెల్టా వాసులకు దీనిని కాలువ భాషలో చెప్పవచ్చును. లాకు దగ్గర తలుపులు దించి నీటిని ఆపితే, ఎగువన నీరు పేరుకొంటుంది. పేరుకొన్నకొద్దీ తలుపులు మరింత గట్టిగా బిగించవలె. మోతాదు పెరుగుతూ పోవడం ఇదే. మొదట ఒక మాత్రతో తగ్గిన నొప్పికి తరువాత నాలుగు కావలె. ఇటువంటి స్థితిలో తలుపులను ఒక్కసారిగా ఎత్తివేస్తే ఏమౌతుంది? పేరుకొన్న నీరంతా విరుచుకొనిపడి గట్టు తెగుతుంది. మందు హఠాత్తుగా మానినప్పుడు శరీరంలో జరిగేది ఇటువంటిదే. అణగియున్న నాడీకేంద్రాలన్నీ ఒక్కుమ్మడిగా విజృంభిస్తవి. గుండె వేగం, చెమట, గగుర్పాటు, కడుపునొప్పి, విరేచనాలు, నిద్రలేమి, చెప్పరాని ఆందోళన—ఇవన్నీ ఆ వరద గుర్తులు. పాత నొప్పి కూడ రెట్టింపై తిరిగి వస్తుంది. అది పాత జబ్బు ముదిరినదని రోగి అనుకొంటాడు. మాత్ర వేయగానే అరగంటలో అన్నీ శాంతించడంవల్ల మాత్రే తన ప్రాణమని నమ్ముతాడు.

ఇప్పుడు మొదటి ప్రశ్న. ఇతనిని వ్యసనపరుడనవచ్చునా? వైద్యులు ఇక్కడ రెండు స్థితులను వేరుచేసి చెబుతారు. ఈ జాతి మందును వారాల తరబడి వాడిన ఎవరి శరీరమైనా దానికి అలవాటు పడుతుంది. హఠాత్తుగా మానితే పైన చెప్పిన బాధలు కలుగుతవి. ఇది ఆధారపడడం. ఇందులో మనస్సు తప్పిదం ఏమీ లేదు. గుణవంతునికీ గుణహీనునికీ ఒకేవిధంగా జరుగుతుంది. రెండవ స్థితిలో మందుకోసం తహతహ పుడుతుంది. ఎంత వేసికొనవలెనన్న అదుపు తప్పుతుంది. కీడు జరుగుతున్నదని తెలిసీ మానలేకపోవడం, అబద్ధాలాడడం, ఇంటి డబ్బు దాని పాలు చేయడం కనిపిస్తవి. ఇది వ్యాధిగా మారిన అలవాటు. శ్రీకాకుళం సోదరి భర్త మొదటి స్థితిలో ప్రవేశించి, తెలియకుండానే రెండవదానిలోకి జారినాడు. ఆ జారుడుకు హద్దుగీత ఎక్కడా గీసి ఉండదు.

వ్యసనమంటే మనకు వెంటనే సప్తవ్యసనాలు జ్ఞాపకం వస్తవి. జూదగాని ప్రక్కన నిలబెడతామేమోనన్న భయంతోనే ఆమె ఆ ప్రశ్న వేశారు. కాని సంస్కృతంలో వ్యసనమనే మాటకు ఆపద అనీ, దుఃఖమనీ అర్థాలున్నవి. ఆ అర్థంలో ఐతే ఆయన నిస్సందేహంగా వ్యసనంలో ఉన్నాడు. ఆపదలో ఉన్నవానికి చేయవలసినది సహాయం. నింద వానిని మాత్రనుంచి దూరం చేయదు. మాత్రను దాచుకొనే చోటును మాత్రం మారుస్తుంది.

ఆయన ఒంటరివాడు కాడనికూడ చెప్పవలె. కేంద్ర ప్రభుత్వం కోరగా ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ దేశమంతటా ఒక సర్వే నిర్వహించి 2019లో ఫలితాలు ప్రకటించింది. దేశ జనాభాలో నూటికి రెండు పాళ్ళకు కొంచెం పైగా, అంటే సుమారు 2 కోట్ల 26 లక్షలమంది, ఏదో ఒక రూపంలో నల్లమందు జాతి పదార్థాలు వాడుతున్నట్లు ఆ సర్వే తేల్చింది. వారిలో చికిత్సగాని ఇతర సహాయంగాని అవసరమైనవారు సుమారు 77 లక్షలు. హెరాయిన్ వాడేవారు జనాభాలో నూటికి 1.14 కాగా, మందుల దుకాణంలో దొరికే మాత్రలూ సూదులూ వాడేవారు 0.96. పచ్చి నల్లమందు వాడేవారు 0.52 మాత్రమే. దుకాణపు మందు నల్లమందును దాటిపోయి, హెరాయిన్‌కు దగ్గరగా వచ్చిందన్నమాట.

రెండవ ప్రశ్న: గది తలుపు వేసి ఓర్చుకోవచ్చునా? ఓర్చుకొన్నవారు లేకపోలేదు. కాని ఇది సలహా ఇవ్వదగిన మార్గం కాదు. అందుకు కారణాలు మూడు. మొదటిది: వాంతులూ విరేచనాలూ పట్టించుకోకపోతే ఒంట్లో నీరు ఇంకిపోయి, పెద్దవయస్సువారికీ, గుండెజబ్బు, మధుమేహం ఉన్నవారికీ ప్రమాదం రావచ్చును. రెండవది: ట్రమడాల్ ఒక్క నల్లమందు పనే గాక, మెదడులోని మరికొన్ని రసాయనాలమీద కూడ పనిచేస్తుంది. రోజుకు 400 మిల్లిగ్రాములు మించితే మూర్ఛలు వచ్చే భయం పెరుగుతుంది. హఠాత్తుగా మానినప్పుడు కొందరికి తీవ్రమైన భయాందోళనలు, భ్రమలు కూడ కలుగవచ్చును. చాలామంది దీనితోపాటు అల్ప్రాజొలాం వంటి నిద్రమాత్రలో, సారాయో కలిపి వాడుతుంటారు. వాటిని హఠాత్తుగా ఆపితే ప్రాణాపాయమే. మూడవ కారణం అన్నిటికంటె ముఖ్యమైనది. దానిని కొంచెం తరువాత చెబుతాను.

ఆసుపత్రిలో చేసే చికిత్సలో మొదటి భాగాన్ని నిర్విషీకరణ అంటారు. ముందుగా వైద్యుడు ఏయే మందులు, ఎంత, ఎంతకాలంగా అని అడుగుతాడు. ఈ సమయంలో సిగ్గుపడి సగం చెప్పడం చాలా హానికరం. మోతాదు లెక్క తప్పితే చికిత్స లెక్క తప్పుతుంది. రక్తం, మూత్రం, కాలేయం పరీక్షలు చేస్తారు. ఆపైన కాలువ తలుపును ఒక్కసారి ఎత్తకుండా అంగుళం అంగుళంగా ఎత్తడం మొదలౌతుంది. వాడుతున్న మందునే లెక్కప్రకారం తగ్గిస్తూ పోవడం ఒక పద్ధతి. బ్యూప్రినార్ఫిన్ అనే మరొక మందుకు మార్చడం రెండవ పద్ధతి. ఇది నాలుక క్రింద కరిగే మాత్ర. అవే గ్రాహకాలను గట్టిగా పట్టుకొంటుంది గాని, సగం బలంతోనే పనిచేస్తుంది. అందువల్ల మత్తు అంతగా ఉండదు, బాధలూ ఉండవు. ఐతే పాత మందు శరీరంలో నిండుగా ఉండగా దీనిని వేస్తే, అది పాత మందును నెట్టివేసి బాధలను ఒక్కసారిగా రప్పిస్తుంది. కనుక రోగికి ఆవులింతలు, కంటినీరు మొదలయ్యేవరకు వేచిచూచి అప్పుడే తొలి మాత్ర ఇస్తారు. ఇంటిలో ఎవరో ఇచ్చిన సలహాతో దీనిని వాడరాదనడానికి ఇదే కారణం. మన దేశంలో ఈ చికిత్సకు వాడే మాత్రను ప్రభుత్వ అనుమతి గల కేంద్రాలద్వారానే ఇస్తారు.

వీటితోపాటు, విజృంభించిన నాడీకేంద్రాలను చల్లబరచేందుకు రక్తపుపోటు కొలుస్తూ క్లోనిడిన్ అనే మందునూ, వాంతులకూ విరేచనాలకూ, నిద్రకూ వేరువేరు మందులనూ ఇస్తారు. త్వరగా పనిచేసి త్వరగా దిగిపోయే మందులకు సాధారణంగా బాధలు మొదటి రోజే మొదలై, రెండు మూడు రోజులకు పతాకస్థాయికి చేరి, వారం పది రోజులలో చాలవరకు సర్దుకొంటవి. నిద్రలేమీ, నిరుత్సాహమూ, మందుపై ధ్యాసా మాత్రం వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు వెంటాడుతవి.

ఇక్కడే మన కుటుంబాలు పెద్ద పొరపాటు చేస్తున్నవి. పది రోజులు ఆసుపత్రిలో ఉండి మనిషి తేటగా ఇంటికి రాగానే జబ్బు పోయిందని భావించి, మందులన్నీ ఆపించి, కొబ్బరికాయ కొడతారు. నిర్విషీకరణ చికిత్సకు వాకిలి మాత్రమే. ఇల్లు దాని వెనుక ఉన్నది. కేవలం నిర్విషీకరణతో ఆపినవారిలో చాలమంది తిరిగి మాత్రకు చేరుతున్నారు. నేను దాచి ఉంచిన మూడవ కారణం ఇదే: మానిన కొద్ది దినాలకే శరీరం తన పాత అలవాటును మరచిపోతుంది. మనస్సు మరచిపోదు. వెనుకటి పన్నెండు మాత్రలు జ్ఞాపకం ఉంచుకొని మనిషి ఒక దుర్బల క్షణంలో అవే పన్నెండూ మింగితే, అలవాటు తప్పిన శరీరం తట్టుకోలేదు. శ్వాస నిలిచిపోవచ్చును. మరణాలలో ఎన్నో ఈ విధంగా మానిన తరువాతనే జరుగుతున్నవి.

అందువలన నిర్విషీకరణ తరువాత రెండు దారులున్నవి. ఒకటి, బ్యూప్రినార్ఫిన్‌ను నెలలూ, అవసరమైతే ఏండ్లూ వైద్యుని పర్యవేక్షణలో కొనసాగించడం. ఒక మత్తుకు బదులు మరొక మత్తు ఇస్తున్నారని దీనిని ఆక్షేపించేవారున్నారు. ఈ ఆక్షేపణ న్యాయం కాదు. మోతాదు పెంచుకోకుండా, పనికి పోతూ, అబద్ధమాడే అవసరం లేకుండా, ప్రాణభయం లేకుండా బ్రతకగలగడం ఆ చికిత్స ఉద్దేశం. ఈ చికిత్సవల్ల మరణాలు బాగా తగ్గుతవని అనేక దేశాల అనుభవం రుజువు చేసింది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2005లో బ్యూప్రినార్ఫిన్‌ను, మెథడోన్‌ను అత్యవసర ఔషధాల పట్టికలో చేర్చింది. రెండవ దారి, నల్త్రెక్సోన్ అనే మందు. అది గ్రాహకాలను మూసివేస్తుంది. ఆపైన నొప్పి మాత్ర వేసినా పనిచేయదు. ఐతే శరీరంలో పాత మందు ఏమాత్రం లేకుండా వారం పది రోజులు గడచినాకనే దీనిని మొదలుపెట్టవలె. ఏ దారి ఎవరికన్నది వైద్యుడు నిర్ణయిస్తాడు. రెండింటికీ తోడుగా, మనస్సు విప్పి మాట్లాడే సలహాదారు, నడుము నొప్పికి వ్యాయామ చికిత్స, కుటుంబం ఓపిక కావలె. అసలు నొప్పికి మార్గం చూపకుండా నొప్పి మాత్రను మాన్పించడం గోడ కూల్చి పందిరి వేయకపోవడం వంటిది.

మూడవ ప్రశ్న చట్టాన్ని గురించి. 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చింది. 2018 ఏప్రిల్‌లో ట్రమడాల్‌ను కూడ ఆ చట్టం పరిధిలోకి చేర్చారు. అంతకుముందే, 2014 మార్చినుంచి, ఇటువంటి మందులను హెచ్1 షెడ్యూలులో ఉంచి, వైద్యుని చీటీపైననే అమ్మవలెననీ, వైద్యుని పేరు, రోగి పేరు, మందు, పరిమాణం ప్రత్యేక రిజిస్టరులో వ్రాసి మూడేండ్లు భద్రపరచవలెననీ నియమం పెట్టారు. అమలు వేరు మాట. 2025 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అంతటా మందుల దుకాణాలపై 'ఆపరేషన్ గరుడ' అనే పేరుతో తనిఖీలు జరిగినవి. ఆ తనిఖీలలోనే, దివిసీమకు కూడలి అయిన అవనిగడ్డలో ఒక దుకాణంలో ట్రమడాల్ వంటి మందులు చీటీ లేకుండా అమ్ముతున్నారన్న అభియోగం వెలువడింది. ఇది పట్టణాల జబ్బు, మన పల్లెలకు రాదన్న ధీమాకు తావు లేదు.

ఐతే చట్టం అమ్మేవానిని చూచినట్లు రోగిని చూడదు. వైద్యుని చీటీతో తగిన పరిమాణంలో మందు ఉంచుకోవడం నేరం కాదు. అలవాటుపడి కేసులో చిక్కినవాడు కూడ, తన వాడకానికి సంబంధించిన చిన్న పరిమాణం విషయంలో, స్వచ్ఛందంగా ప్రభుత్వ ఆసుపత్రిలోగాని గుర్తింపు పొందిన సంస్థలోగాని చేరి చికిత్స పూర్తిచేసుకొంటే, ప్రాసిక్యూషన్‌నుంచి మినహాయింపు ఇచ్చే 64-ఎ సెక్షన్ ఆ చట్టంలోనే ఉన్నది. చికిత్స మధ్యలో మానితే ఆ రక్షణ పోవచ్చును. ఏ కేసూ లేని రోగి చికిత్సకు పోవడానికి భయపడవలసిన పని అసలే లేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, మద్యం, మాదకద్రవ్యాల వల్ల కలిగే మానసిక స్థితులను కూడ వ్యాధులుగానే పరిగణించి, రోగికి గౌరవంగా చికిత్స పొందే హక్కు ఇచ్చింది. గొలుసులతో కట్టివేయడాన్ని నిషేధించింది. అలవాటు మాన్పిస్తామని చెప్పి కొట్టేవారివద్ద, కట్టేవారివద్ద మీ మనిషిని వదలకండి. వైద్యుడు లేని చోట నిర్విషీకరణ లేదు.

ఇంత చెప్పినందువల్ల నొప్పిమందులన్నీ విషాలని ఎవరూ భావించరాదు. కాన్సరు ముదిరిన రోగికి మార్ఫియా ఇవ్వకపోవడం ఒక క్రూరత్వమే. 1985 చట్టం తరువాత నియమాల చిక్కులకు జడిసి ఎన్నో ఆసుపత్రులు మార్ఫియా ఉంచడమే మానివేసినవి. నల్లమందు పండించే దేశంలోనే రోగులు నొప్పితో మరణించవలసి వచ్చింది. 2014లో చట్టాన్ని సవరించి ఆ చిక్కులను సడలించారు. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రి వంటి చోట్ల ఉపశమన చికిత్సా విభాగాలు ఈ మందును లెక్కగా వాడి ఎందరికో ప్రశాంతత కలిగిస్తున్నవి. శస్త్రచికిత్స తరువాత నాలుగు రోజులు, ఎముక విరిగినప్పుడు వారం రోజులు ఈ మందు వాడవలసి వస్తే భయపడకండి. లెక్కా గడువూ ఉన్నంతవరకు ఇది మందే. అవి రెండూ తప్పిన నాడు పేరు మారుతుంది.

గృహస్థులు గుర్తుంచుకొనేందుకు కొన్ని సూచనలు చెబుతాను. నొప్పికి మాత్ర వ్రాసినప్పుడు, ఇది అలవాటయ్యే జాతిదా, ఎన్నాళ్ళు వాడవలె, ఎట్లా ఆపవలె అని వైద్యుని అడగండి. మాత్రల రేకుపై ఎర్రని అక్షరాలలో ఎన్.ఆర్.ఎక్స్. అని ఉంటే అది మాదకద్రవ్యాల చట్టానికి లోబడిన మందని అర్థం. ఒకరికి వ్రాసిన మాత్ర మరొకరికి ఇవ్వకండి. పిల్లలకు అందేచోట ఉంచకండి. ఈ మాత్రతో సారాయినిగాని, నిద్రమాత్రనుగాని కలపరాదు. మనిషి లేపినా లేవక, శ్వాస బాగా నెమ్మదించి, కంటిపాప గుండుసూది తలంత చిన్నదై, పెదవులు నీలమైతే క్షణం ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయండి. దానికి విరుగుడైన నలోక్సోన్ అనే సూదిమందు ఉన్నది. సలహాకు కేంద్ర ప్రభుత్వపు ఉచిత ఫోన్ నంబరు 14446, మానసిక ఆరోగ్యానికి 14416. పేరు చెప్పుకోవలెనన్న భయం లేకుండా మాట్లాడవచ్చును. ప్రభుత్వ బోధనాసుపత్రులలోని మానసిక వైద్య విభాగాలను అడిగితే చికిత్సకు దారి చూపుతారు. బందరులో కూడ 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది.

ఈ సమాధానాలను క్లుప్తంగా ఆ సోదరికి ముందే వ్రాసి పంపాను. ఇటీవల ఆమెనుంచి మరొక ఉత్తరం వచ్చింది. భర్తను ప్రభుత్వ ఆసుపత్రికి తీసికొని వెళ్ళారట. పన్నెండు రోజులు అక్కడ ఉన్నాడు. ఇప్పుడు రెండు వారాలకొకసారి వెళ్ళి మందు తెచ్చుకొంటున్నాడు. బస్తాల పని మాని, ఒక రైతు దగ్గర నీటి కాపలాకు కుదిరినాడు. కూలి తక్కువ, కాని నడుముకు విశ్రాంతి. నడుమ ఒకసారి తడబడి పాత దుకాణంవైపు పోయినాడనీ, తిరిగి వచ్చి తానే ఆమెతో చెప్పినాడనీ వ్రాశారు. ఉత్తరం చివర ఆమె మళ్ళీ ఒక ప్రశ్న వేశారు: నాలుక క్రింద ఆ మాత్ర ఇంకా వేసికొంటూనే ఉన్నాడు గదా, మరి నయమైనట్లా, కానట్లా?

మధుమేహం ఉన్నవారు ప్రతిదినం మందు వేసికొని తమ పనులు తాము చేసుకొంటున్నారు. వారిని గురించి మనం ఈ ప్రశ్న వేయడం లేదు. ఆయన తడబడినమాట దాచకుండా ఇంటికి వచ్చి చెప్పగలిగినాడు. చికిత్స పనిచేస్తున్నదనడానికి ఆమెకు అంతకంటె మంచి గుర్తు నేను చూపలేను. మాత్ర ఎప్పుడు ఆపవలెనో వైద్యుడు చెబుతాడు. అంతవరకు అది మందే.